మంచిగనే ఉంది

అటక దులుపుతుంటే అట్టపెట్టె చినిగి
నూటాముప్పై క్యాసెట్లు కాళ్ల మీద పడ్డయి.
వాటన్నిట్ల ఒక్కదానికే
గీతలు పడలేదు, మూత వదులు కాలేదు.
ఎక్కువ తిరగలేదు గదా మరి.

గట్టు బీసన్న పాటలు.
అట్ట మీద ఆయనకు తెల్ల సఫారీ తొడిగిచ్చిండ్రు,
వెనుక ఎక్కడిదో జలపాతం.
మా దిక్కు జలపాతమంటే
బోరు పడ్డనాడు పైకెగిరిన నీళ్లే.

ముప్పై రూపాయలు.
బాదేపల్లి యార్డుల పల్లికాయ కాటా కాడ
చిట్టీలు రాసిన రెండు దినాల కూలి.

నేనెరిగిన బీసన్న వేరు.
మక్తల్ల పీర్లు లేచిన రాత్రి
గుండం చుట్టూ అడుగేసుకుంట పాడితే
మంటల కట్టె వేసేటాయన
చేతిల కట్టె చేతిలనే పట్టుకొని నిలబడ్డడు.
నడుమ ఆగి, తంబాకు ఉమిసి,
మళ్లా అందుకునేది.
ఆ ఆగుడు సుత పాటే.

క్యాసెట్టుల ఆగుడు లేదు.
మిషన్ దరువొకటి వెనుక నుంచి తరుముతుంటే
ఇరుకు చెప్పులేసుకున్న మనిషి లెక్క
ఆయన గొంతు కుంటుకుంట ఉరికింది.
ఎ వైపు అయిపోకముందే బంద్ చేసిన.
ఎవరో నన్ను మోసం చేసినట్టు
రెండు దినాలు ఎవరితోని మాట్లాడలే.

ఆ ఎండకాలమే
జడ్చర్ల బస్టాండుల కలిసిండు.
గద్వాల బస్సు కోసం నిలబడి,
చెరుకురసం గ్లాసు రెండు చేతుల పట్టుకొని
“నా పాటలు కొన్నవంట గదా పిల్లగా,
నాకాడ టేపు లేదు.
ఎట్లున్నయో నువ్వే చెప్పు” అన్నడు.

“మంచిగనే ఉన్నయి” అన్న.

మంచిగున్నయి అననైతి.
నడుమ ఒక్క ‘నే’.
జొన్నరొట్టెల ఇసుక లెక్క
పంటి కింద పడ్డట్టుంది ఆయనకు.
ఏమనలేదు.
గ్లాసుల మిగిలింది నేల మీద పారబోసి
బస్సొచ్చిందని ఎక్కిండు.
అది గద్వాల బస్సు కాదు,
నారాయణపేటది.

మొన్న మా చాంద్‌పాషా
పాత టేప్‌రికార్డరుకు కొత్త బెల్టు వేసిచ్చిండు.
పెన్సిలు పెట్టి రీలు బిగించి
ఎనిమిది పాటలు సాంతం విన్న.
వయసొచ్చింది గదా, చెవి మారి ఉంటదనుకున్న.
ఏం లేదు.
దరువు గట్లనే ఉన్నది, రేకుల షెడ్డు మీద రాళ్లు పడ్డట్టు.
కోరస్ పిల్లలకు మన మాట నోరు తిరగదు.

బి వైపు మూడో పాట కాడ
బీసన్న ఆగిండు.
నోట్లె తంబాకు లేదు, ఉమిసే జాగ లేదు,
అలవాటుగ ఆగిండు.
మిషన్ ఆగలేదు.
ఆయన లేకుంటనే నాలుగు దెబ్బలు ముందుకు పోయింది.
ఆ నాలుగు దెబ్బల కింద
ఊపిరి తీసుకునుడు వినబడుతది.

బి వైపు
నేను అప్పుడు విననేలేదు.

బీసన్న పోయి పదకొండేండ్లు.
బాగలేదు బీసన్నా,
ఇప్పుడు సుత బాగలేదు.
మీట టక్కుమని లేచినప్పుడల్లా
మూడో పాట కాడికి తిప్పుతున్న.
పాత రీలు,
ఊకె తిప్పితే తెగుతదంటడు చాంద్‌పాషా.