ఏడో బుట్ట

పండమేరు ఇవతలి గట్టున నిలబడి ఉన్నాను.
అవతల, రెండు తుమ్మచెట్ల నడుమ,
పాత సైకిల్ రిమ్ముకు గొలుసులు వేలాడేసి
నబీరసూల్ సారు పాతిన ఏడో బుట్ట.
ఎండకు గొలుసులు మెరుస్తాయి,
అప్పు అడగడానికొచ్చిన చుట్టం నవ్వులా.

నేరుగా వంక మీదుగా అయితే ఎనభై గజాలు.
దాటితే రెండింట్లో పని అయిపోతుంది.
దాటకపోతే డిస్కు నీళ్లలో, లెక్కలో ఒకటి అదనం,
మురుగులో మోకాళ్లదాకా నేను.
ఎగువకు, వంక సన్నబడే బండల దగ్గరికి వేసుకుంటే
మూడు.
ఎప్పుడూ మూడే.
మూడుకు ఎవరూ చప్పట్లు కొట్టరు,
ఎవరూ నవ్వరు కూడా.

మార్కెట్ యార్డులో కాటా రాసేదాన్ని.
పొద్దంతా శెనక్కాయ బస్తాలు తూస్తాను.
తేమ ఎంత, తాలు ఎంత, గోనెసంచి ఎంత,
అన్నీ తీసేసి మిగిలింది చెప్పడమే నా జీతం.
ఈ ఆషాఢం గాలికి మాత్రం
నా దగ్గర పడికట్టు రాయి లేదు.
ఎదురొచ్చిందంటే డిస్కును పైకెత్తి,
కాసేపు పొగిడి,
కుడిపక్కకు తోసేస్తుంది.

పదిసార్లు విసిరితే నాలుగుసార్లు దాటింది.
రాత్రి పడుకున్నాక గుర్తొచ్చేది
ఆ నాలుగే.
పోయిన ఆదివారం పచ్చ డిస్కు ఇక్కడే మునిగింది.
కొత్తది. ఇంట్లో ధర సగమే చెప్పాను.

మాబున్ని ఒక దెబ్బ ముందుంది.
తన డిస్కు బండల దగ్గర బుద్ధిగా కూర్చుంది,
తను బొరుగులు నములుతూ కూర్చుంది.
"ఏమక్కా, ఇంకా తూకం తెగలేదా?"

తెగింది.
తాలు తీసేశాను, తేమ తీసేశాను,
ఎగువకు తిరిగి, మెత్తగా, బండల వైపే వేశాను.
చెయ్యి వదిలిన మరుక్షణం
గాలి ఆగిపోయింది.
తుమ్మాకు కూడా కదల్లేదు.
ఇప్పుడు దాటేదే. ఇప్పుడైతే కచ్చితంగా దాటేదే.

అంతలో డిస్కు బండ మీద అంచున పడి
నిలబడింది.
బండిచక్రంలా దొర్లింది,
తొందర లేకుండా, దారి తెలిసినట్టు,
వంకలోకి.

మాబున్నికి బొరుగులు గొంతుకు అడ్డం పడ్డాయి.

ప్యాంటు మడిచి దిగాను.
బురదలో చెయ్యి పెట్టి తడిమితే
ముందు తగిలింది
పచ్చది.

కార్డులో నాలుగు రాశాను.
పచ్చదానికి అందులో గడి లేదు.