పద్నాలుగో షరతు

ఎండెల్ రిటైరవుతూ నాకిచ్చిన తాళంచెవుల్లో
అల్మారాది ఒకటి, టీ గదిది ఒకటి,
మూడోది దేనిదో ఆయనకే గుర్తులేదు.
"ఈ ఫైలుకి నీకంటే సర్వీసు ఎక్కువ" అన్నాడు
తాళ్లతో కట్టిన ఆరు సంపుటాల మీద అరచెయ్యి ఆనించి.
పదహారేళ్లు.
ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

హీయుమా దీవికి పడమట, హ్యుల్గెరహు అనే మునిగిన దిబ్బ మీద
అరవై గాలిమరలు నిలబెడతామని అర్జీ.
మరలు లేవు. అర్జీ ఉంది.
టాలిన్‌లో మా మూడో అంతస్తు నుంచి
ట్రామ్ తీగలు కనిపిస్తాయి, సముద్రం కాదు.
గాలికి హద్దురాళ్లు పాతే ఉద్యోగం నాది;
కిటికీ తెరిస్తే కాగితాలెగురుతాయని
మూసే ఉంచుతాను.

మొదటి సంపుటంలో కంపెనీ పేరు ఒకటి.
మూడోదాంట్లో ఇంకొకటి. ఐదోదాంట్లో
పెళ్లయిన కొత్తలో ఇంటిపేర్లు కలిపి రాసుకున్నట్టు
రెండూ కలిసిన పేరు.
వాళ్లు పెడతామన్న మరను
ఇప్పుడే ఫ్యాక్టరీలోనూ చెయ్యడం లేదు.
కొత్త మర రెక్క పొడుగు. రెక్క మారితే పటం మారాలి,
పటం మారితే రక్షణ శాఖ రాడార్ వాళ్ల ఉత్తరం
మళ్లీ మొదటికి.
చేపల శాఖ సరే అన్న ఏడాది
ఓడదారుల శాఖ కాదంది.
ఓడదారుల వాళ్లు దిగొచ్చేసరికి
చేపల వాళ్ల సమ్మతికి గడువు తీరింది.

దీవిలో బహిరంగ విచారణ జరిగిన రోజు
హాజరు పట్టీ: నలభై ఏడు మంది, ఒక కుక్క.
కుక్కను ఎవరో పెన్సిలుతో చేర్చారు.
వెనక వరసలోంచి ఒక ముసలి జాలరి అడిగాడట:
"గాలికి అద్దె కడతారు, సరే.
ఎవరికి కడతారు? గాలికా?"
నవ్వులు నమోదయ్యాయి.
జవాబు నమోదు కాలేదు.

అదే సంపుటంలో ముప్ఫై ఒకటో అభ్యంతరం,
బడి పుస్తకంలోంచి చింపిన గళ్ల కాగితం.
"సముద్రం ఆఫీసు వారికి.
నా వయసు పన్నెండు. చలికాలం మా ఒడ్డుకి ఔల్ బాతులొస్తాయి.
వాటి పేరు అవే పిలుచుకుంటాయి.
పొగమంచు రాత్రి ఎగిరొచ్చే బాతుకి
అక్కడ రెక్క తిరుగుతోందని ఎవరు చెప్తారు?
ఆపెయ్యమని కాదు. ఎవరు చెప్తారని.
హేలె పిహ్లక్."
పక్కన ఎండెల్ చేతిరాత:
"ఇది అభ్యంతరం కాదు, ప్రశ్న. దాఖలు."

మొన్న శిశిరంలో ఆరో సంపుటం చివరికొచ్చాను.
మట్టి పరీక్ష, పునాది లోతు, కేబుల్ దారి,
అడుగున ప్రాజెక్టు ఇంజనీరు సంతకం.
ఇంటిపేరు చివరి అక్షరం కాలు చాచి
గీత దాటి కిందికి జారింది,
గళ్ల కాగితం మీద జారినట్టే.
రెండు పేజీలూ పక్కపక్కన పెట్టుకుని
టీ చల్లారేదాకా చూశాను.

ఫోన్ చెయ్యొచ్చు. చెయ్యలేదు.
అర్జీదారుతో సొంత మాటలు కూడదని మాకు నిబంధన.
ముసాయిదాలో పదమూడు షరతులున్నాయి,
దీపాల రంగు నుంచి నూనె చిందితే ఎవరికి కబురంపాలో దాకా.
కింద ఇంకొకటి టైపు చేశాను:
"పొగమంచు రాత్రుల్లో వలస బాతుకి
అక్కడ రెక్క ఉన్నదని ఎవరు, ఏ విధమున చెప్పెదరో
అర్జీదారు తెలుపవలెను.
ఆధారం: రెండో సంపుటం, అభ్యంతరం 31."

తొమ్మిది రోజులకి జవాబొచ్చింది, పదకొండు పేజీలు.
మూడింట ఒక రెక్కకి నల్లరంగు. పక్షి గుంపుల్ని పసిగట్టే రాడార్.
గుంపు కనపడితే మరలాగే నిమిషాలు,
ఆగినందుకు పోయే కరెంటు, దాని ఖరీదు.
చివర, ఏ పట్టికలోనూ ఇమడని నాలుగు వాక్యాలు:
"రెండు చలికాలాలు పడవలో కూర్చుని లెక్కపెట్టాం.
పొగమంచులో లెక్క తప్పింది.
అన్నీ తెలుసని రాయలేను.
ఆ కాగితం ఇంకా ఉందా?"

ఉంది అని రాయడానికి
మా నమూనా పత్రంలో గడి లేదు.
దాని నకలు తీసి, ముద్ర వేసి,
జతపరచిన పత్రాల జాబితాలో చేర్చాను.

రాడార్ వాళ్ల ఉత్తరానికి గడువు గురువారంతో సరి.
ఇవాళ బుధవారం, సాయంత్రం నాలుగు.
డైరెక్టరు నాలుగున్నరకి కోటు తొడుక్కుంటారు.
ఆరు సంపుటాలూ చేతులకెత్తుకుని,
గడ్డంతో పైదాన్ని అదిమిపట్టి,
లిఫ్టు కోసం ఆగకుండా
మెట్లెక్కాను.