కణత కిటికీ

కపాలంలో ఎముక పలచగా ఉండేది ఇక్కడే,
కణత దగ్గర.
జిగురు రాసి, ప్రోబు ఆనించి
రోజుకు రెండుసార్లు వింటాను.
నాకు జీతం ఇచ్చేది అందుకే.

పన్నెండో మంచం గంగరత్నమ్మ.
చింతామణి వదిలి పదహారేళ్లు, ఈజీపురలో అద్దిల్లు.
దోసెపిండి రుబ్బుతూ గ్రైండరు ముందే కూలబడింది.
మెదడు అడుగున నెత్తురు గొట్టం మీద
బఠాణీ గింజంత ఉబ్బు, పగిలింది.
తెల్లారేసరికి తీగచుట్టలతో పూడ్చేశారు.
"ఇంకేం, గండం గడిచింది కదమ్మా" అన్నాడు చౌడప్ప.
ఎవరం వెంటనే జవాబివ్వలేదు.

కారిన నెత్తురు ఊరికే పోదు.
నాలుగో నాటి నుంచి పద్నాలుగో నాటి దాకా
తను తాకిన నాళాలను పిసుకుతూ ఉంటుంది.
ఎవరివి బిగుస్తాయో, ఎవరిని వదిలేస్తుందో
చెప్పడానికి డాక్టర్ ఇందుశేఖర్ దగ్గర ఒక పట్టిక:
స్కానులో నెత్తురు ఎంత మందాన పరుచుకుంది,
వచ్చినప్పుడు తెలివి ఎంత, వయసెంత, పొగ అలవాటుందా.
కూడితే నూటికి నలభై.

"నలభై అంటే ఎక్కువా తక్కువా?"
"నూరు మందిలో నలభై మందికి..."
"నూరు మంది యాడుండారమ్మా,
ఉండేది మా రత్నం ఒకతే గదా."
పట్టికలో దానికి గడి లేదు.

చౌడప్ప జయనగరలో నీళ్ల బోర్డు వాల్వు మనిషి.
రోజు విడిచి రోజు తెల్లవారుజామున మూడింటికి
వీధులకు నీళ్లు వదిలేది అతనే.
లీకు కనుక్కోవాలంటే ఇనుప కడ్డీ నేలకు ఆనించి
రెండో కొస చెవికి పెట్టుకుంటాడట.
నేను చేసేదీ అదేనని మొదటి రోజే పసిగట్టాడు.
"గొట్టం సన్నమైతే నీళ్లు ఉరుకుతాయి,
సద్దు పైకి పోతాది. అంతేనా?"
అంతే.
ఇక్కడ వేగం మంచి కబురు కాదు.

నాలుగో నాడు తొంభై.
ఐదో నాడు నూట నాలుగు.
ఆరో నాడు, ఆదివారం, నూట నలభై.
నాలుగు గంటలకోసారి మాత్ర, నిద్ర లేపి మరీ.
లేపినప్పుడల్లా పేరడుగుతారు, చేతులెత్తమంటారు,
ఇది ఏ ఊరంటారు.
"ఎన్నిసార్లు చెప్పాల?" అని ఆమె కసురుకుంటే
నర్సులు నవ్వుకుంటారు, అది మంచి గుర్తు.

ఎనిమిదో రాత్రి, కుడి కణత.
హుష్షు హుష్షుమనే చప్పుడు
ఉన్నట్టుండి కొస సాగి ఈలలా పైకి లేచింది.
తెర మీద అంకె కుదురుకోవడానికి మూడు క్షణాలు పడుతుంది.
ఆలోపే తలుపు దగ్గర్నుంచి చౌడప్ప:
"సన్నమైంది కదమ్మా."

రెండు వందల పద్దెనిమిది.
మెడ దగ్గరా విని, భాగించి చూశాను.
ఆరు దాటింది.
ఎడమ చెయ్యి ఎత్తమంటే గంగరత్నమ్మ
అది ఎవరి చెయ్యో అన్నట్టు చూసింది.

రెండుంబావుకి లోపలికి తీసుకెళ్లారు,
తొడలోంచి సన్నని గొట్టం ఎక్కించి
బిగిసిన చోటే మందు వదలడానికి.
మేమిద్దరం కారిడారులో.
మూడయ్యేసరికి అలవాటుగా లేచి నిలబడ్డాడు,
చుట్టూ చూసి మళ్లీ కూర్చున్నాడు.
ఆ రోజు ఫోర్త్ టి బ్లాకుకు నీళ్లు ఎవరు వదిలారో.

పదమూడో నాడు నూట పది.
ఎడమ బొటనవేలు మాత్రం ఇంకా
మిగతావాటి వెనక ఆలస్యంగా వస్తోంది.
అడక్కుండా ఆమె మాట్లాడిన మొదటి మాట:
"పిండి పులిసిపోయుంటాది."

పదకొండో మంచం కుర్రాడికి నూటికి పదిహేను అన్నారు.
అతని గురించి ఇక్కడ రాయలేను.

నెల తర్వాత ఒక తెల్లవారుజామున
డ్యూటీ దిగి వస్తూ చౌడప్పను చూశాను.
కడ్డీ నా చేతికిచ్చి, వాల్వు తిప్పి,
"వస్తోంది, విను" అన్నాడు.
చెవి ఆనించాను.
చాలాసేపు విన్నాను.
నాకు పాల వ్యాను మాత్రమే వినిపించింది.