మిషన్ తొక్కిన కాలు

సోమవారమే చెప్పింది పంకజాక్షి,
"పెడల్ బిగుసుకుంటోంది మేడం."
పదిహేడేళ్లుగా పక్కసీట్లో కూర్చుని
ఊరందరికీ బ్రేకు నేర్పినదాన్ని,
నాకే చెప్పొచ్చిందా అనుకున్నాను.
"నీ కాలే మెత్తన, గట్టిగా తొక్కు."

మంగళవారం మళ్లీ అంది,
"నిన్నటికంటే ఇంకాస్త."
ఈసారి నవ్వాను కూడా.

గురువారం పొద్దున పెరంబూరు వంతెన దిగుతున్నాం.
ముందు నీళ్ల ట్యాంకరు, కారుకుంటూ.
తను తొక్కింది.
నా వైపు పెడల్ కూడా రవ్వంత కదిలి ఆగిపోయింది,
గోడకి కాలు తన్నిపెట్టినట్టు.
నేనూ తొక్కాను.
ఇద్దరు ఆడవాళ్ల ఒంటి బరువంతా
అరచేయంత ఇనుము మీద.
నా చెప్పు వారు తెగింది.

ట్యాంకరుకి జానెడు దూరంలో ఆగాం.
దాని వెనక రాసిన తమిళం
అంత దగ్గరగా ఎప్పుడూ చదవలేదు.
ఎల్ బోర్డు మాత్రం ఇంకా ఊగుతోంది.

తాడు కట్టి పుదుపేటకి లాగించాం.
కోదండం బానెట్ ఎత్తలేదు.
"ఇంజను ఆపే ఉంచి ఆరుసార్లు తొక్కండమ్మా.
ఆ, కాలు అట్లే ఉంచి తాళం తిప్పండి."
ఇంజను లేచింది.
కాలి కింద పెడల్ కాస్తయినా కుంగాలట.
కుంగలేదు.
"బ్రేకు ఉంది. దానికి తోడు పోయింది"
అంటూ అప్పుడు ఎత్తాడు బానెట్, చెవి వాల్చాడు.
మేమూ వాల్చాం.
ఎక్కడో సన్నగా,
పళ్ల సందున ఎవరో బాధ ఓర్చుకుంటున్నట్టు, స్స్స్.

ఇంజను గాలి పీల్చేసి
ఆ నల్లటి గుండ్రటి డబ్బాలో ఖాళీ చేస్తుందట.
మన కాలికి సాయం పట్టేది ఆ ఖాళీయేనట.
నాకిన్నాళ్లూ తెలీదు.
ఏదో స్ప్రింగు అనుకునేదాన్ని,
అడిగినవాళ్లకి "అదంతే" అనేదాన్ని.

గొట్టం అడుగున, కంటికి ఆనని వైపు,
వేడికి ఎండి గోరు దూరేంత పగులు.
కోదండం బొటనవేలితో మూశాడు.
"ఇప్పుడు తొక్కమ్మా."
పంకజాక్షి తొక్కింది.
నూనె వేసిన మిషన్‌లా దిగింది పెడల్.
వేలు తీశాడు. బిగిసింది.
మూశాడు. దిగింది.
మూడోసారి కూడా చేశాడు,
మా మొహాలు చూడ్డానికేనేమో.

గొట్టం చివరి వాల్వు పీకి నోట పెట్టి ఊదాడు.
ఒకవైపే పోవాలి ఊపిరి,
ఇది రెండువైపులా పోతోంది.
"ఇదీ మార్చాల. ఇంజను నడిదారిలో ఆగినా
రెండు తొక్కుళ్లకి సరిపడా దాచిపెట్టేది ఇదే."
కుర్రాడు సైకిలేసుకుని పోయి గొట్టం తెచ్చాడు.
బ్లేడు పెట్టబోతుంటే పంకజాక్షి ఆపింది,
"ఏటవాలుగా పోతోంది చెయ్యి, నేరుగా కొయ్యి."
కొత్త క్లిప్పులు రెండు. అంతా కలిపి
తొమ్మిదివందల ఎనభై.

తిరుగుదారిలో తనే నడిపింది.
ఎలా తెలిసిందని అడిగాను.
"ముప్పై ఏళ్లు మిషన్ తొక్కాను మేడం.
బెల్టు సాగినా నూనె ఆరినా
ముందు కాలికే తెలుస్తుంది, చెవికి తర్వాత."
గేరు మార్చి, కాసేపటికి అంది,
"మా ఓనరూ నమ్మేవాడు కాదులెండి."

ఏమనాలో తోచక
తెగిన చెప్పుని కాలితో పక్కకి తోశాను.

అదే వంతెన. దిగుతున్నాం.
నా ఒట్టి పాదం నా పెడల్ మీదే ఉంది, అలవాటు.
అది దానికదే కిందికి జారింది,
తను తొక్కినంత మేరకి.
నేను తొక్కలేదు.

సిగ్నల్ దగ్గర గీతకి ఇవతలే ఆపింది.
"రేపు రివర్సు" అన్నాను,
"బండి ఏమైనా అంటే
నాకు చెప్పు."