రెండు కార్జాలు

పళ్లెంలో రెండు కార్జాలు.
ఎడమది ఎలుకది, కుడిది చుంచుది.
ఫార్మలిన్‌లో నానినాక రెండింటిదీ ఒకే రంగు,
తిరుపతి బస్టాండులో రాత్రి మిగిలిపోయిన టీ రంగు.

రెండు జాతులకీ ఒకే మేత పెట్టినాను,
పొద్దున ఎనిమిదికి, నా చేత్తోనే, ఏడాది పైన.
పీలేరు కాడ కల్లంలో
నవంబరు వానకు తడిసి పచ్చబూజు పట్టిన
చెనక్కాయల పిండి.

ఎడమదాన్లో గడ్డలున్నాయి.
వేలితో తడిమితే తగులుతాయి,
సంగటిలో ఉడకని నూకల్లా.
కుడిది నున్నగా ఉంది.

బూజు విషం కడుపులోకి పోయేటప్పుడు మొద్దుకత్తి.
దేన్నీ కోయలేదు.
కార్జమే దాన్ని పట్టుకుంటుంది,
మంచి బుద్ధితోనే,
నీళ్లలో కరిగేట్టు చేసి బయటికి తోసేద్దామని.
ఒక ఎంజైము వచ్చి దానికి
రవ్వంత ప్రాణవాయువు తగిలిస్తుంది.
అంతే, సానరాయి మీద పెట్టినట్టు
అంచు లేస్తుంది.
పోయి కణం లోపలి వంశరాతలో దిగబడుతుంది.

చుంచూ సాన పడుతుంది.
ఎలుక కంటే జోరుగానే పడుతుందని
నా నోటుబుక్కులో లెక్క.
కానీ చుంచు దగ్గర ఒర ఉంది.
అంచు లేచీ లేవకముందే కత్తిని ఒరలోకి దూర్చి
పిత్తంలో కలిపి పంపేస్తుంది.
ఎలుక ఒర ఇంత చురుకైనది కాదు.

బోన్లలో ఊక మారుస్తా
కుప్పమ్మ ఇదంతా వినింది.
ఇక్కడికి రాకముందు చిత్తూరు మిల్లులో
పదిహేనేండ్లు విత్తనాల కాయ ఒలిచింది.
గట్టి గింజ మూటకు, తాలు గింజ నోటికి.

"మా అక్కా నేనూ ఎదురెదురుగా కూచొని ఒలిచేవాళ్లం సార్.
ఒకటే చాట.
ఆమె పోయి ఆరేండ్లాయె. కార్జంలో గడ్డ అన్నారు.
నేను చూడు, గుండ్రాయి మాదిరి ఉండాను."

ఊక చేతులు కొంగుకు తుడుచుకుంది.

"మనమెవరం సార్?
ఎలుకా, చుంచా?"

నా దగ్గర ఒక పట్టిక ఉంది.
ఎలుక గడిలో ఒక అంకె,
చుంచు గడిలో ఒక అంకె,
బాతుపిల్ల గడిలో భయపెట్టే అంకె.
మనిషి గడిలో మాత్రం
ఒక అంకె, ఒక గీత, చాలా దూరాన ఇంకో అంకె.
ఆ గీత మీద యాడో వాళ్లక్క.
ఇంకెక్కడో కుప్పమ్మ.
అక్కకు పాత కామెర్లేమైనా ఉండెనా అని అడిగినాను.
"ఎవురు చూసినారు సార్,
పసరు మందు పోసి పనికి పోయేది."

కిటికీ బయట కొండ కనిపించడం లేదు.
మళ్లీ ముసురు.
కల్లాల్లో కాయ ఎత్తినారో లేదో.

ఒంటిగంటకు టిఫిను మూత తీసింది.
సంగటి ముద్ద, మధ్యలో గుంట, అందులో ఊరిబిండి.
"నల్లవి ఏరేసినాలే సార్" అంటా సగం నా మూతలో పెట్టింది.

పక్క గదిలో అతినీలలోహిత దీపం ఉంది.
దాని కింద బూజు విషం నీలంగా మెరుస్తుంది.
పదడుగులు నడిస్తే చాలు.
మెరిస్తే ఆమెకేం చెప్పాలి,
మెరవకపోతే ఏం చెప్పాలి,
వాళ్లక్క గురించి ఏం చెప్పాలి?

కారం బాగా తగిలింది.
ఇంకొంచెం పెట్టమన్నాను.