ఏడో అంశం

మండల పరిషత్ మినిట్స్ పుస్తకంలో
ఆరో అంశం: డిండి వాగు పక్క తండాకు బోరు మోటారు. వాయిదా.
ఏడోది కూడా నా చేతిరాతే.
"పెద్ద పొరుగు దేశపు ఓడలు చుట్టుముట్టిన
చిన్న మిత్రదేశానికి ఆయుధ సాయం పెంచాలని
పార్లమెంటులో పెట్టిన బిల్లుకు
ఈ సభ సంపూర్ణ మద్దతు తెలుపుచున్నది."

ప్రతిపాదించినవారు పగిడిమర్రి సోమేశ్వర్.
బలపరిచినవారు వాజిద్ సాబ్,
నోట్లో మిర్చిబజ్జీ ఉండగానే.
ఆ దేశం పేరు రెండుసార్లు కొట్టేసి
మూడోసారి సెల్‌ఫోన్‌లో చూసి రాశాను.
గోడ మీది పటంలో వెతికితే
ఆ మూల చెదలు తినేసింది.

"ఒప్పుకునేటోళ్లు చేతులెత్తుండ్రి" అన్నారు అధ్యక్షులు.
లేచాయి.
ఉంగరాల చేతులు, సున్నం అంటిన వేళ్లు,
నూనె ఇంకా తుడుచుకోని అరచేతులు.

నేనావత్ కేలీబాయి ఎత్తలేదు.

"ఒక్క మాట సారూ.
రజాకార్లు మా తండాను చుట్టుకున్న రాత్రి
వాగు అవుతలి ఊరోళ్లు చావడిల కూసోని
నలభై వడిసెలలు పంపుతమని తీర్మానం జేసిండ్రట.
అందరు చేతులెత్తిండ్రట.
మావోళ్లు తెల్లందాక వాగు దిక్కే చూసిండ్రు.
తెల్లారినంక ఒక్కడొచ్చిండు,
గాడిద మీద మూటెడు జొన్నలేసుకోని.
అప్పటికి గుడిసెలన్ని బూడిదైనయి.
ఆ జొన్నలు తిన్నరు, అబద్దమెందుకు.
అవ్వి లేకుంటె మా నాయన బతకకపోవు,
నేనీడ కూసోకపోదు.
గని, చేతులెత్తుడేందో
చేతులెత్తేసుడేందో
మా నాయనమ్మకు సచ్చేదాక సమజ్ కాలె."

ఎవరో నవ్వబోయి దగ్గారు.
"ఇది అంతర్జాతీయ విషయం, కేలమ్మా" అన్నారు అధ్యక్షులు, మెల్లగానే.

"ఆడోళ్లు గూడ గిట్లనే చూస్తుండ్రా
మన దిక్కు?"

ఫ్యాను తిరిగింది. బజ్జీల కాగితం ఎగిరి
వాజిద్ సాబ్ చెప్పు కింద ఆగింది.
అప్పుడెత్తింది చెయ్యి,
చెవి దాకా మాత్రమే,
జొన్న కంకి అందుకునేంత ఎత్తు.
గాజులు మోచేతి వైపు జారలేదు.

అనుకూలం, ప్రతికూలం, తటస్థం.
సగం చెయ్యికి గడి లేదు.
ఏకగ్రీవం అని రాశాను.
ముప్పై ఏళ్లుగా రాస్తున్న మాటే,
ఒకే మెడ అని దాని అర్థమని
ఎప్పుడో బడిలో చెప్పారు.
మెడ ఎవరిదని మేమడగలేదు,
పంతులూ చెప్పలేదు.

నకలు కలెక్టరాఫీసుకు పంపాను.
మోటారు ఫైలు మళ్లీ బీరువాలో పెట్టాను.

ఐదున్నరకు తాళం వేస్తుంటే
ఆమె మెట్ల మీద బస్సు కోసం కూర్చుని ఉంది.
"సారూ, ఆ దేశంల జొన్నలు పండుతయా?"

చూసి చెప్తానన్నాను.
ఇంకా చూడలేదు.