తరుగు

ఏనుమాముల యార్డుల కాటా కాడి రాత నాది.
బస్తా ఎక్కుతది, ముల్లు ఊగుతది,
ఆగినంక రాస్త.
తేజ, నలభై రెండు. వండర్‌హాట్, ముప్పై తొమ్మిది.
తేమ ఉన్నదని బస్తాకో కిలో తరుగు.
పదహారేండ్ల సంది గిదే రాత.
మొన్న మాఘమాసంల ఒకనాడు
ముల్లు ఆగింది గని నా చెయ్యి ఆగలే,
గజగజ వణికింది.
రైతు నా మొఖం చూసిండు, నేను చీటీ దిక్కు చూసిన.

ధర పొద్దున ఒకటి, పొద్దూకంగ ఒకటి.
కొత్త కాటాలు వస్తయంట,
చీటీ అదే కొట్టి అదే చింపి చేతుల పెడ్తదంట.
ఉగాదికి అంటడు ఒకడు,
వానలు పడ్డంక అంటడు ఇంకొకడు.
వచ్చి పడితే ఓ బాధ తీరు.
ఎప్పుడొస్తదో తెల్వని దాని కోసం
రాత్రి రెండింటికి లేచి
తలుపు దిక్కు మొఖం పెట్టి కూసుంటున్న.

స్వరూప ముందుగాల దిష్టి తీసింది.
తర్వాత ఫ్యాను మార్పిచ్చింది.
ఆ తర్వాత ఏమనలే,
నాతోని లేచి పక్కన కూసున్నది.

ఎంజీఎంల మనసు డాక్టరు గది యాడున్నదో
అడుగుదామంటే నోరు రాలే.
పన్ను నొప్పని చెప్పి
పండ్ల డాక్టరు లైన్ల గంట నిలవడ్డ.
నా ముంగట హమాలి యాకయ్య,
ఒక్క ఊపుల బస్తా వీపుకెత్తే యాకయ్య,
దవడ పట్టుకొని.
"ఏ పన్నే?" అన్న.
కొంచెం సేపు నేలకు చూసి
"నీది ఏ పన్నో నాదీ గదే" అన్నడు.
లైన్ల అందరు తిరిగి చూసేటట్టు నవ్వినం.
ఎన్ని దినాలాయెనో.

డాక్టరమ్మ చిన్న పిల్ల, మా అక్షిత కన్న నాలుగేండ్లు పెద్దదుంటది.
కష్టమేందని అడగలే.
"నిద్ర ఎన్ని గంటలు? రోజూ రాసుకొని రండి" అన్నది.
గోలీలు ఇచ్చింది, మీ అంతట మీరు బంద్ చేయొద్దన్నది.
రాసుడైతే నా పనే గద.
కాటా చీటీల ఎనుక పక్క మొదలువెట్టిన.
సోమ్మారం, రెండున్నర.
మంగళారం, రెండు.
బుధారం, తెల్వదు.
శుక్రారం, మూడు, మధ్యల కల, కలల మిరపకాయల ఘాటు.

ఒక సంగతి ఆమెకు చెప్పాలనుకొని చెప్పలే.
పచ్చి ఆరకముందే మూతి కుట్టిన బస్తా
పైకి ఎర్రగనే కనవడ్తది.
లోపల బూజు.
మూతి ఇప్పి చెయ్యి పెడితెనే
కాయనో తాలో తెలిసేది.
నేను పదహారేండ్లు మంది బస్తాలు ఇప్పిచ్చిన.

పొద్దుగాల ఇద్దరం ఖిలా వరంగల్ మట్టికోట మీద నడుస్తం.
రాతికోట చూడ బస్సులల్ల వస్తరు, దీన్ని ఎవరు చూస్తరు.
ఎన్ని వానలకు కరిగిందో, ఎంత జారిందో,
గడ్డి మొలిపిచ్చుకొని గట్లనే ఉన్నది.
యాకయ్య ఎందుకొచ్చిండో నేనడగలే.
మూడో వారం తుమ్మచెట్టు కాడ చెప్పు ముల్లు తీసుకుంట
వంగి, నా దిక్కు చూడకుంట చెప్పిండు.
గది ఈడ రాయ.

కాటాలు ఇంకా రాలే.
వస్తే నడపాలె గదా అని
అక్షిత ఫోన్ల టైపు కొట్టుడు నేర్పుతుంది.
నా వేలు లావాయె,
తేజ అని కొడితే తేడా అని పడ్తది.
"బాపూ, మెల్లగ" అంటది.
మెల్లగనే బిడ్డ.

రాత్రి మల్ల రెండింటికి మెలకువ వచ్చింది.
యాడనో లారీ గేరు మార్చింది, కుక్క మొరిగింది.
స్వరూప లేవబోతే
పండుకో, ఏం లేదన్న.
నిజంగ ఏం లేకుండె, కొంచెం దూప తప్ప.
నీళ్లు తాగి పండుకున్న.

తెల్లారి చీటీ ఎనుక రాసిన.
ఐదు గంటలు.
తేమ ఉన్నది గని
తరుగు తియ్యలే.